మోచేతి నొప్పికి స్టీలు పనిముట్టు థెరపీ: రెండేళ్ల తర్వాత నా అనుభవం

మోచేతి బయటి వైపు నొప్పికి ఫిజియోథెరపీలో స్టీలు పనిముట్టుతో చర్మం మీద రుద్దినట్టు రాయించుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఫిజియోలు దీన్ని ఐఏఎస్‌టీఎం అంటారు, అంటే పనిముట్టు సాయంతో కండరాల్లాంటి మెత్తటి కణజాలాన్ని సడలించడం. నాది విజయనగరం, గంటస్తంభం దగ్గర్లో టైలరింగ్ షాపు. నాలాగే చేతుల మీద బతికేవాళ్లు చాలామంది దీని గురించి అడుగుతున్నారు, అందరికీ ఒక్కసారే చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను. నాకు బాగా పనిచేసింది. అయితే ఆ స్టీలు ముక్క ఒక్కటే చేసిన పని మాత్రం కాదు, ఆ సంగతి వివరంగా చెప్తాను.

మాకు జూన్‌లో స్కూలు యూనిఫాంలు, అవి అవ్వగానే శ్రావణమాసం బ్లౌజులు, ఆ తర్వాత దసరా, దసరా వెళ్లిన మంగళవారమే మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. చుట్టాలందరూ ఊళ్లోకి దిగిపోతారు, ఎవరి బ్లౌజు వాళ్లకి ఆ పూటకే కావాలి. మందపాటి యూనిఫాం గుడ్డ నాలుగు పొరలు కలిపి పెద్ద కత్తెరతో కోస్తూ ఉంటే ఒక సీజన్‌లో మోచెయ్యి పట్టేసింది. పాలగిన్నె దించలేను, తడిగుడ్డ పిండలేను, తాళంచెవి తిప్పాలన్నా ప్రాణం పోయేది. కుట్టడానికి ఇచ్చిన ఒక పెద్దావిడ చూసి "ఏటమ్మా, చెయ్యి అలా పట్టుకున్నావేటి?" అని అడిగేదాకా నేను పని ఆపనే లేదు, ఆపితే ఇల్లు గడవదు మరి.

డాక్టర్లు దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. మణికట్టును పైకి ఎత్తే కండరాలు చాలావరకు ఒకే స్నాయువుతో (కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది) మోచేతి బయటి ఎముకకు అతుక్కుని ఉంటాయట. కత్తెరను గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు కిందికి వాలిపోకుండా ఆపేవి కూడా అవే. అంటే నేను గుడ్డ కోసినంతసేపూ ఆ ఒక్క చోటే లాగుడు. మొదట చూసిన డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మంత్రం వేసినట్టు తగ్గింది, కొన్ని వారాలకు అంతకంటే ఎక్కువై తిరిగొచ్చింది. ఇది నా ఒక్కదానికే జరిగింది కాదని తర్వాత తెలిసింది. ఆస్ట్రేలియాలో 198 మంది మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో ఆరు వారాల దగ్గర ఇంజెక్షన్ వాళ్లే ముందున్నారు, ఏడాది తిరిగేసరికి ఫిజియో చేయించుకున్నవాళ్ల కంటే వాళ్లే వెనకబడిపోయారు.

ఇక అసలు విషయం. మా ఫిజియో గారు మొదటి రోజు పనిముట్టు బయటికే తీయలేదు. మెడ తిప్పించారు, భుజం చూశారు, వేళ్లలో తిమ్మిరి ఉందా అని అడిగారు, ఎందుకంటే మెడ దగ్గర నరం నొక్కుకున్నా నొప్పి మోచేతికి దిగుతుందట. చేత్తో పిండే ఒక మీటర్ ఇచ్చి రెండు చేతుల పట్టూ కొలిచి రాసుకున్నారు. అప్పుడే ఆయన మీద నమ్మకం కుదిరింది.

చేసే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు వేడి కాపడం, తర్వాత కొంచెం వాజిలిన్ రాస్తారు. పనిముట్టు అంచు కత్తిలా ఉండదు, నున్నగా వాలుగా అరగదీసి ఉంటుంది. దాన్ని చర్మం మీద ఏటవాలుగా పట్టుకుని మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా లాగుతారు. మొదట ఒత్తిడి పెట్టరు, వెతుకుతారంతే. నొప్పి ఉన్న చోటికి రాగానే, నున్నటి నూలుగుడ్డ మీద వేలు పోనిస్తుంటే పోగు ముడి తగిలినట్టు, గరగరమని నాకే తెలిసేది. అక్కడ చిన్నచిన్న గీతలుగా అటూ ఇటూ రాస్తారు, మొత్తం కలిపి కొద్ది నిమిషాలే. చర్మం ఎర్రబడుతుంది, మంటగా ఉంటుంది కానీ పళ్లు బిగించుకునేంత కాదు. మర్నాడు కాస్త సలుపు, ఒక్కోసారి సన్నటి ఎర్రచుక్కలు కనిపిస్తాయి, రెండు రోజుల్లో పోతాయి.

ఆయన ఊళ్లో లేనప్పుడు ఇంకో చోటికి వెళ్లాను. పరీక్ష లేదు, ఒక్క ప్రశ్న లేదు, వచ్చీ రాగానే గీకడం మొదలుపెట్టారు, చెయ్యి కమిలి నల్లబడిపోయింది. "నల్లబడితేనే లోపలున్నది బయటికొచ్చినట్టు" అన్నారు. అది శుద్ధ తప్పు. కమలడం అంటే చర్మం కింద సన్న రక్తనాళాలు చిట్లడం, రోగం బయటికి రావడం కాదు. ఆ వారం కత్తెర ముట్టుకోలేకపోయాను, అడ్వాన్సు తీసుకున్న పని వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది, ఆ కోపం నాకింకా ఉంది.

ఈ పనిముట్లు ఎక్కడివంటే, అమెరికాలో డేవిడ్ గ్రాస్టన్ అనే ఆయన మోకాలికి దెబ్బ తగిలి, మామూలు చికిత్సతో తగ్గక, తన కోసం తయారు చేసుకున్నవట. గ్రాస్టన్ టెక్నిక్ అన్న పేరుతో ఆరు స్టీలు పనిముట్ల సెట్టు వచ్చింది అలాగే. ఒంటిని గీకి నొప్పి తగ్గించడం చైనా వాళ్లకి అంతకు చాలా ముందు నుంచీ ఉన్నదే, గువా షా అంటారు. ఈ రెండూ ఒకటి కాదు. ఫిజియోలు చేసేదాంట్లో చూసేది ఏ కండరం, ఏ స్నాయువు అన్నది.

"లోపల అతుకులు పడ్డాయి, వాటిని విడగొడుతున్నాం" అని చాలామంది చెప్తారు. మా ఫిజియో గారు అలా చెప్పలేదు. చర్మం మీద నుంచి రాస్తే లోపలి గట్టి కణజాలం విడిపోతుందని ఎవరూ రుజువు చెయ్యలేదని, ఎక్కువగా నరాలకు అందే స్పర్శ వల్ల నొప్పి కొంతసేపు సద్దుమణుగుతుందని చెప్పారు. నేనూ చదివాను. ఎలుకల మోకాళ్లలో దెబ్బతిన్న లిగమెంట్ల (ఎముకను ఎముకకు కట్టే పట్టీల) మీద 2009లో చేసిన ప్రయోగంలో, రాసిన వైపు లిగమెంట్ నాలుగు వారాలకు రాయని వైపు కంటే 43 శాతం బలంగా ఉంది, పన్నెండు వారాలకు వచ్చేసరికి రెండు వైపులా దాదాపు ఒకటే. మనుషుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2016లో చూస్తే, కీలు కదలిక కొంతకాలం మెరుగవుతుందనడానికి ఆధారం ఉంది కానీ నొప్పులు నయమవుతాయని గట్టిగా చెప్పేంత లేదని తేలింది. నా చేతి అనుభవం కూడా సరిగ్గా ఇదే. రాయించుకున్న రోజూ ఆ మర్నాడూ చెయ్యి తేలిగ్గా ఉంటుంది, పట్టు పెరుగుతుంది, తర్వాత మళ్లీ మామూలే.

మరి లాభం ఏమిటంటే చెయ్యి తేలిగ్గా ఉండే ఆ ఒకటి రెండు రోజులే. నొప్పితో చెయ్యలేని వ్యాయామం ఆ రోజుల్లో చెయ్యగలిగాను. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా మణికట్టును అంచు బయటికి పెట్టి, అర కిలో డంబెల్ పట్టుకుని, ఎడమ చేత్తో సాయం పట్టి పైకి లేపి, కిందికి మాత్రం కుడిచేత్తోనే మెల్లగా, అయిదు అంకెలు లెక్కపెడుతూ దించాలి. దించడమే ముఖ్యం. అది నొప్పి లేకుండా వచ్చాక కిలో, తర్వాత కిలోన్నర. కొంచెం నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాటికి పెరగకపోతే చాలు అన్నారు. మూడు నెలలు దాటాక గానీ కత్తెర నిశ్చింతగా పట్టుకోలేదు. ఈ వ్యాయామం ఎగ్గొట్టి రాయించుకోవడానికే వచ్చేవాళ్లని అక్కడ చూస్తూనే ఉన్నాను, పాపం ప్రతిసారీ అదే నొప్పి చెప్తారు. కోసే బల్ల ఎత్తు పెంచాను, నాలుగు పొరల్ని రెండు చేశాను. టైం ఎక్కువ పడుతుంది, పట్టనీ.

ఇంట్లో చేసుకోవచ్చా అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో చవక స్టీలు పనిముట్లు దొరుకుతున్నాయి. నేనూ ఒకటి కొన్నాను, నూనె రాసి తేలిగ్గా ముంజేతి కండ మీద వాడతాను, ఎముక మీద పెట్టను. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, పుండ్లు, అతకని ఎముకలు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు కూడా డాక్టరుని అడగకుండా చెయ్యొద్దు, ఎంత గట్టిగా నొక్కుతున్నారో వాళ్లకి తెలియదు. గుండె వాల్వు ఆపరేషన్ అయిన మా పక్కింటి పిన్నిని నేనే తీసుకెళ్లాను, మందుల చీటీలో రక్తం పల్చబడే మందు చూసి ఫిజియో గారు పనిముట్టు వద్దని వ్యాయామాలు మాత్రమే నేర్పి పంపారు. డబ్బు పోతుందని ఆయన ఆలోచించలేదు.

ఖర్చు నాకు ఒక్కోసారికి 400 రూపాయలు పడింది. మొదట వారానికి రెండుసార్లు, తర్వాత ఒకసారి, ఇప్పుడు సీజన్ ముందు ఎప్పుడైనా. పలాసలో జీడిపప్పు పని చేసే మా ఆడపడుచుకీ ఇదే నొప్పి వచ్చింది. వెళ్లగానే చేతి పట్టు కొలుస్తారా, ఇంటికి వ్యాయామం ఇస్తారా అని ఫోన్‌లోనే కనుక్కోమన్నాను. రెండిటికీ అవునన్న చోటుకే వెళ్తోంది, డంబెల్ మాత్రం ఇక్కణ్ణుంచి నాదే పంపించాను.