ఒత్తులు విడిగా ఉన్న పెట్టె: మూడేళ్లు వాడాక

ఈ అయస్కాంతపు అక్షరాల పెట్టెలో ఒత్తులు విడి ముక్కలుగా వస్తాయి. మూడేళ్లు దాటినా దీని మీద నాకున్న ప్రేమంతా అందుకే. ఎన్ని ముక్కలు, బోర్డు ఎంత వెడల్పు లాంటివి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

మాది దేవరకొండ వైపు ప్రాథమికోన్నత పాఠశాల. ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెప్తాను. సగం మంది తండాల పిల్లలు, ఇంట్లో మాట్లాడేది లంబాడీ. కొందరు అమ్మానాన్నల వెంట పనికి హైదరాబాదో పుణెనో పోయి, నెలల తర్వాత బడికి వస్తారు. 2022లో పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే సర్కారు కార్యక్రమం ‘తొలిమెట్టు’ మొదలైంది గానీ అది ఒకటి నుంచి ఐదు తరగతులకు. అప్పటికే ఆరులోకి వచ్చిన నా పిల్లలు దాని కిందికి రాలేదు. పంతొమ్మిది మందిలో ఎనిమిది మంది ‘పలక’ చదువుతారు, ‘ఆవు’ చదువుతారు, ‘గడ్డి’ దగ్గర ఆగిపోతారు. అప్పుడు నా డబ్బులతోనే ఈ పెట్టె కొన్నాను.

గడ్డిని వాళ్లు ‘గ, డి, డ’ అని చదివేవాళ్లు. కంటికి కనిపించిన వరసలో చదువుతున్నారు, అందులో వాళ్ల తప్పేముంది? పైన ‘డి’ ఉంది, కింద ‘డ’ ఉంది. గుడి పై అక్షరానికి ఉంటుంది, కానీ ఆ ‘ఇ’ శబ్దం కింది అక్షరం పలికాకే వస్తుంది. ఎన్నేళ్లు నల్లబల్ల మీద సుద్దతో రాసి చూపించానో! చెరిపి మళ్లీ రాస్తే పిల్లలకు కొత్త పదంలాగే కనిపిస్తుంది. ముక్కలు కదులుతాయి, తేడా అదే. ముందు గ, దాని పక్కన పొల్లుతో డ్, ఆ పక్కన గుడితో డి పెట్టాను. ‘గడ్... డి’ అని అందరం పలికాం. తర్వాత రెండో డ తీసేసి, దాని ఒత్తు మొదటి డ కిందికి జరిపాను. పొల్లు తీశాను. మిగిలిన గుడి నా చేతిలో ఉంది. ‘ఇదెక్కడ పెట్టాలె?’ అని అడిగితే ఒక పిల్ల లేచి వచ్చి పైన పెట్టింది. ‘కింద జాగ లేదు సార్, అందుకే పైకెక్కింది’ అంది. ఇరవై ఏళ్లలో నేను చెప్పలేకపోయిన మాట అది. ఆ వారమే మల్లె, పల్లె, బడ్డీ, గుడ్డు, అన్నీ వాళ్లే విడగొట్టి మళ్లీ కలిపారు.

ఆ ఊపులోనే ఒక దెబ్బ తగిలింది. నాలుగు నెలలుగా నోరు విప్పని ఒక తండా పిల్లాడు ఒకరోజు తనంతట తనే బోర్డు దగ్గరికి వెళ్లి ‘యాడి’ అని పేర్చాడు. లంబాడీలో యాడి అంటే అమ్మ. నాకు కళ్లు చెమర్చాయి. ఫోటో తీసుకుని, తరగతి మొత్తంతో చప్పట్లు కొట్టించాను.

అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వింత తప్పులు కనిపించాయి. ‘గిన్నె’లో గ మీద తలకట్టు, ఆ తలకట్టు మీద మళ్లీ గుడి. ‘కిటికీ’లో కూడా అంతే. అదే పిల్లలు ‘జిలేబి’ మాత్రం తప్పు లేకుండా రాశారు. ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. రాత్రి ఫోన్‌లో ఆ ‘యాడి’ ఫోటో చూస్తే తెలిసింది. డ మీద తలకట్టు అలాగే ఉంది, దాని నెత్తిన గుడి కూర్చుంది. ఈ పెట్టెలో హల్లులన్నీ తలకట్టుతో సహా ఒకే ముక్కగా పోతపోశారు. గుడి వస్తే తలకట్టు పోవాలి, పొల్లు వచ్చినా పోవాలి. ఇక్కడ పోవడానికి వీల్లేదు. జ, ల, బ లకు తలకట్టే ఉండదు కాబట్టి జిలేబి బతికిపోయింది. నేను చప్పట్లు కొట్టించింది తప్పు డికి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తయారుచేసినవాళ్లు ఒక్క తెలుగు టీచరుకైనా చూపించి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

సెలవు రోజు హాక్సా బ్లేడు పట్టుకుని కూర్చుని తలకట్లు కోశాను. కోసిన తలకట్లను విడి ముక్కలుగా దాచాను, వెనక చిన్న అయస్కాంతం అతికించి. తర్వాత జరిగింది నేను అనుకోనిది. కోసిన డను ఒక పిల్లాడు ఒత్తు డ పక్కన పెట్టి ‘సార్, ఇది ఒత్తే గదా, పెద్దగున్నది’ అన్నాడు. అందరూ ఎగబడ్డారు. గ, చ, ద, వ అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు, కుదిరాయి. క, త, న, మ, య, ర, ల మాత్రం కుదరలేదు. ఆ ఏడింటిని ఒక డబ్బాలో వేసి ‘వేరే వేషం వేసేటివి’ అని పేరు పెట్టుకున్నారు. ఇక నేర్చుకోవాల్సింది ఏడే అని వాళ్లకు తెలిసిపోయింది.

మొదట్లో చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ‘ఈ పెట్టె ఉంటే రాత కూడా వచ్చేస్తుంది’ అని చెప్పాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. బోర్డు మీద ‘చెట్టు’ గబగబా పేర్చిన పిల్ల ఉక్తలేఖనంలో ‘చెటు’ అని రాస్తుంది. వేళ్లకు ముక్క జరపడం వచ్చింది, మలుపు తిప్పడం రాలేదు. ఇప్పుడు పేర్చిన ప్రతి పదాన్నీ చెరపకముందే పలక మీద మూడుసార్లు రాయిస్తున్నాను. ర ఒత్తు కూడా సరిగా కూర్చోదు, అక్షరాన్ని చుట్టుకుని రావాల్సింది పక్కన వేలాడుతుంది. ‘చక్రం’ నల్లబల్ల మీదే చెప్తాను. మా రేకుల గదిలో ఎండాకాలం వస్తే అయస్కాంతాల జిగురు ఊడిపోతుంది. ఒక్కో ఒత్తు ఒక్కటే ఇచ్చారు కాబట్టి ‘కొండమల్లేపల్లి’ పేర్చాలంటే ల ఒత్తు చాలదు. రెండోది అట్టముక్కతో చేసుకున్నాం. మా పిల్లలు రోజూ చూసే బస్సు బోర్డు అది, వదిలేయడం ఎలా?

ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఏడో తరగతి పాఠం ఆగకుండా చదివారు. ఇద్దరికి ఇంకా తడబాటు ఉంది. ఒకడు మధ్యలో పుణె వెళ్లి వచ్చాడు, వాడితో మళ్లీ గడ్డి నుంచి మొదలుపెట్టాం. ఇదంతా పెట్టె గొప్పతనమే అనలేను. మా హెడ్మాస్టర్ గారు రోజూ మొదటి పీరియడ్ నాకు వదిలేశారు, ఎనిమిది మందితో ముప్పావు గంట కూర్చోగలిగాను. నలభై మంది ఉన్న గదిలో ఒక్క బోర్డుతో ఏం జరుగుతుందో మరి. అక్షరాలే రాని పిల్లలకు ఇది తొందర, చదవడం వచ్చినవాళ్లకు అవసరం లేదు. ఒత్తుల దగ్గర ఇరుక్కున్న పిల్లలు మీకుంటే, కూర్చునే తీరిక ఉంటే కొనండి. పిల్లల ముందు పెట్టకముందే తలకట్లు కోసేయండి. ప, స దగ్గర మెల్లగా. తలకట్టు నడుమ సన్నటి అతుకు మీద నిలబడి ఉంటుంది, నావి రెండు ప లు అలాగే విరిగాయి.