బిడ్డ పేరున సొంత ట్రస్టా, ఉన్న సంస్థకు విరాళమా?

క్యాన్సర్ తీసుకెళ్లిన బిడ్డ పేరు నిలబెట్టాలనుకునే తల్లిదండ్రుల ముందు సాధారణంగా రెండు దారులుంటాయి.

సొంత ట్రస్టు పెడితే బోర్డు మీద బిడ్డ పేరే ఉంటుంది, డబ్బు ఎవరికి చేరాలో మీరే నిర్ణయిస్తారు. అమెరికాలో అలెగ్జాండ్రా స్కాట్ అనే పాప 2000లో, నాలుగేళ్ల వయసులో, నిమ్మరసం అమ్మి క్యాన్సర్ డాక్టర్ల కోసం డబ్బు పోగుచేసింది. 2004లో న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన ఫౌండేషన్ నేటికీ పిల్లల క్యాన్సర్ పరిశోధనకు నిధులిస్తోంది. అయితే అది పాప బతికుండగానే మొదలైన పని, అప్పటికే వెంట నడిచే మనుషులున్నారు. అవేవీ లేకుండా రిజిస్ట్రేషన్, ఆడిట్, ఏటేటా రిటర్నులు అంటే, దుఃఖంలో ఉన్న ఇంటికి చాలా టెన్షన్.

ఉన్న సంస్థకు ఇస్తే పేరు పెద్దగా కనిపించకపోవచ్చు. కానీ సాయం వెంటనే అందుతుంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియాకు, అంటే రక్త క్యాన్సర్‌కు, చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి దూరపు జిల్లాల నుంచి పిల్లల్ని తెచ్చేవాళ్లకు మందులే కాదు, గది అద్దె, తిండి, బస్సు ఛార్జీలూ భారమే. ఆ ఖర్చు మోయలేక చికిత్స మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. సెయింట్ జూడ్ ఇండియా లాంటి సంస్థలు ఇలాంటి కుటుంబాలకు ఉచిత బస ఇస్తాయి.

నా మటుకు మొదటి కొన్నేళ్లు రెండోదే మేలు. బిడ్డ పుట్టినరోజున ఇవ్వండి. చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి, నగదు 2000 రూపాయలు దాటితే పన్ను మినహాయింపు రాదు.