1927 నాటి విల్లీ జాన్సన్ రికార్డు అంటూ వస్తాడు, జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల పాత రికార్డులు కొనే తెలుగువాళ్లకు చెబుతున్నాను. ఎవరి గురించో పేరు చెప్పనక్కర్లేదు. శనివారాలు గుడి దగ్గర కారు డిక్కీ తెరిచి కూర్చుంటాడే, అందరినీ "అన్నా" అంటాడే, ఆయనే. నాకు ఆరు వందల డాలర్లకు టోపీ పెట్టాడు.

బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే చూపులేని పాతకాలపు అమెరికా భక్తి గాయకుడంటే నాకు పిచ్చి అని ఆయనకు తెలుసు. నేనే చెప్పాను, నా నోరు ఊరుకోదు కదా. 1927 డిసెంబరు 3న ఈ డాలస్‌లోనే కొలంబియా కంపెనీ విల్లీ పాటలు మొదటిసారి రికార్డు చేసింది. ఆ రోజు ఆరు పాటలు. అందులో 'డార్క్ వాజ్ ద నైట్'కు మాటలే లేవు. మూలుగు, దాని వెంటే తీగ మీద జారే గిటారు, అంతే. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపినది ఆ పాటనే. 1930 తర్వాత ఆయన మళ్లీ రికార్డింగుకు కూర్చోలేదు. 

ఆ 'డార్క్ వాజ్ ద నైట్' రికార్డే అంటూ చూపించాడు. కాగితం తొడుగు మధ్య గుండ్రటి రంధ్రంలోంచి నల్లటి కొలంబియా లేబుల్ కనిపించింది. బయటికి తీయబోతే నా చేయి పట్టుకున్నాడు. "వద్దన్నా, లక్క రికార్డు. చేయి జారితే ముక్కలే." ఎంత శ్రద్ధ! పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ కాలపు రికార్డులు తిరిగే వేగంలో, అంటే నిమిషానికి 78 చుట్లలో పెట్టాను. గరగరలాడే ఆ గొంతు చెవిలో దోమ దూరినట్టు కీచుమంది. తీసి చూస్తే, వైపుకు ఒక్క పాట ఉండాల్సిన చోట నాలుగు! లాంగ్‌ప్లే రికార్డుల వేగం 33కి మార్చితే చక్కగా పాడింది. ఆ లాంగ్‌ప్లేలు వచ్చింది 1948లో. విల్లీ 1945లోనే టెక్సస్‌లోని బోమాంట్‌లో పోయాడు. లేబుల్ అంచును గోటితో గీకితే లేచి వచ్చింది, ఫొటోకాపీ కాగితం. దాని కింద దర్జాగా 'స్టీరియో' అని.

నిన్న రాత్రి ఫోను చేశాను. "పాట అదే కదన్నా? మీరు కొన్నది వినడానికేగా?" అని నవ్వాడు. అంతటితో ఆగితే బాగుండేది. వెనక ఎవరో అడిగితే "ఆ గుడ్డాయనే" అన్నాడు. విల్లీని అయితే అనలేదు, ఆయన పోయి ఎనభై ఏళ్లయింది. ఆరు వందలు పోతే పోయాయి, ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

అసలు రికార్డుకు రెండో వైపు పాట 'ఇట్స్ నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్'. అంటే తప్పంతా నాదే అని. ఇన్నేళ్లూ అది ఎవరో ఇంకొకరి గురించి పాడినదనుకున్నాను.

కొనే ముందు తొడుగు తీసి చూడండి, పాటలు లెక్కపెట్టండి. వంచి మాత్రం చూడకండి, పొరపాటున నిజమైనదైతే విరుగుతుంది. తీయవద్దంటే అక్కడే వదిలేసి రండి.

ఈ శనివారం మళ్లీ వస్తాడట. నేనూ వస్తున్నాను, ఆ ఫొటోకాపీ లేబుల్ జేబులో పెట్టుకుని.