పాత మెయిల్ అకౌంట్ మూసేయాలంటే: జీమెయిల్, అవుట్‌లుక్, యాహూల్లో ఎవరి పద్ధతి ఎలా ఉంది?

వాడని మెయిల్ అకౌంట్‌ను అలా వదిలేయడం కన్నా మూసేయడమే మంచిది. 2013లో యాహూ మీద జరిగిన దాడిలో అప్పటికున్న దాదాపు 300 కోట్ల అకౌంట్ల వివరాలూ బయటికి పోయాయని ఆ సంస్థే 2017లో ప్రకటించింది. పదేళ్ళనాటి పాస్‌వర్డ్‌తోనే పడి ఉన్న అకౌంట్‌లోకి ఎవరైనా దూరితే, మెయిళ్ళు చదవడంతో ఆగరు. బ్యాంకు, ఫేస్‌బుక్, షాపింగ్ సైట్లు దేన్లోనైనా "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే చాలు, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు ఆ పెట్టెలోకే వచ్చి పడుతుంది. తొందరపడి మూసేస్తే మాత్రం అవే సైట్లలోకి మీరు వెళ్ళలేకుండా పోతారు. అందుకే ఈ మూడు సేవలనూ మూడు ప్రశ్నలతో చూశాం. మెయిళ్ళు పూర్తిగా బయటికి తెచ్చుకోనిస్తారా? మనసు మార్చుకోవడానికి గడువెంత? మూసేశాక ఆ అడ్రసును ఇంకొకరికి ఇస్తారా?

మూడింటిలో జీమెయిల్‌కు మొదటి స్థానం ఇస్తాం. మైఅకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్‌లో 'డేటా అండ్ ప్రైవసీ' తెరిచి కిందికి వస్తే 'డిలీట్ ఎ గూగుల్ సర్వీస్', 'డిలీట్ యువర్ గూగుల్ అకౌంట్' అని రెండు కనిపిస్తాయి. ఒకదాని దగ్గర ఒకటి ఉంటాయి గానీ ఫలితంలో ఎక్కడా పోలిక లేదు. మొదటిది నొక్కితే జీమెయిల్ ఒక్కటే పోతుంది. ఫోటోలు, డ్రైవ్, యూట్యూబ్ చానెల్, ప్లే స్టోర్‌లో కొన్న యాప్‌లు అన్నీ ఉంటాయి. రెండోది నొక్కితే అన్నీ కలిసి పోతాయి. మీరు గూగుల్ డాక్స్‌లో రాసి ఇతరులతో పంచుకున్న ఫైళ్ళు వాళ్ళకు కూడా కనిపించకుండా పోతాయి. పాత మెయిల్ వదిలించుకోవాలనుకునేవాళ్ళలో చాలామందికి మొదటిదే సరిపోతుంది.

అందులో ఒక మెలిక ఉంది. జీమెయిల్ తీసేశాక మిగిలిన గూగుల్ అకౌంట్‌లోకి వెళ్ళడానికి వేరే మెయిల్ అడ్రసు ఇవ్వాలి. అది ఇంకో జీమెయిల్ అయితే ఒప్పుకోదు. వేరే గూగుల్ అకౌంట్‌కు లాగిన్‌గా ఉన్న అడ్రసూ పనికిరాదు. కాబట్టి ముందే అవుట్‌లుక్‌లోనో ఇంకెక్కడైనానో ఒక అడ్రసు తెరిచి పెట్టుకోండి. దానికి గూగుల్ ఒక లింకు పంపుతుంది. ఆ లింకు నొక్కేదాకా జీమెయిల్ పోదు. డిలీట్ చేశాననుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళ అకౌంట్ నెలల తర్వాత కూడా మెయిళ్ళు తీసుకుంటూ ఉందంటే, కారణం ఈ లింకు స్పామ్‌లో పడి ఉండటం కావచ్చు.

మెయిళ్ళు దాచుకోవడానికి గూగుల్ టేక్‌అవుట్ బాగా పనిచేస్తుంది. టేక్‌అవుట్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరవగానే అన్ని సేవలకూ టిక్కులు పెట్టి ఉంటాయి. ముందు 'డిసెలెక్ట్ ఆల్' నొక్కి, తర్వాత మెయిల్, కాంటాక్ట్స్ మాత్రం ఎంచుకోండి. లేకపోతే ఫోటోలన్నీ కలిసి పదుల జీబీల ఫైలు తయారవుతుంది. ఎంత సైజుకు ఒక ముక్క చేయాలో కూడా అడుగుతుంది. మన ఇంటి నెట్‌కు 2 జీబీ ముక్కలు నయం, మధ్యలో తెగినా ఒక్క ముక్కే మళ్ళీ దించుకోవచ్చు. డౌన్‌లోడ్ లింకు సుమారు వారమే పనిచేస్తుంది. ఆ ఫైళ్ళను అదే అకౌంట్ డ్రైవ్‌లో పెట్టమంటే మాత్రం రెండు నష్టాలు: 15 జీబీల ఉచిత స్థలం నిండిపోతుంది, అకౌంట్ మొత్తం తీసేస్తే బ్యాకప్ కూడా దానితోపాటే పోతుంది.

మెయిళ్ళు ఎంబాక్స్ అనే ఫైలుగా వస్తాయి. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు మెయిళ్ళ స్థానంలో అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ కనిపిస్తాయి. ఫైలు పాడయిందని కంగారుపడక్కర్లేదు, తెలుగు అక్షరాలను మెయిల్ సాఫ్ట్‌వేర్ అలా మార్చి పంపుతుంది. ఉచితంగా దొరికే థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో 'ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ' అనే యాడ్-ఆన్ వేసి తెరిస్తే మామూలుగా చదువుకోవచ్చు. అకౌంట్ తీసేయడానికి ముందే ఇలా తెరిచి, బాగా పాత మెయిలొకటి, అటాచ్‌మెంట్ ఉన్న మెయిలొకటి సరిగ్గా వచ్చాయో లేదో చూడండి. ఇది మాత్రం దాటవేయకండి.

అడ్రసు విషయంలో గూగుల్ మాట గట్టిది. మూసేసిన జీమెయిల్ పేరును ఇంకెవరికీ ఇవ్వదు. దీనికే మేం ఎక్కువ మార్కులు వేశాం. గడువు దగ్గర మాత్రం మార్కులు తగ్గించాం. ఇటీవలే డిలీట్ చేసి ఉంటే తిరిగి తెచ్చుకునే అవకాశం ఉండొచ్చు అంటుందే తప్ప, డిలీట్ నొక్కే ముందు ఇన్ని రోజులని తేల్చి చెప్పదు. కోట్లమంది వాడే సేవకు ఆ మాత్రం స్పష్టత ఉండాలి.

గూగుల్ అకౌంట్ మొత్తం తీసేయాలనే నిర్ణయించుకుంటే పని పెరుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ అకౌంట్‌లోనే ఉంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'చాట్స్', 'చాట్ బ్యాకప్'లోకి వెళ్ళి కొత్త అకౌంట్‌కు మార్చి, ఒకసారి కొత్తగా బ్యాకప్ చేయండి. గూగుల్ పే, క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కోసం ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే కోడ్‌లు, 'సైన్ ఇన్ విత్ గూగుల్' నొక్కి చేరిన సైట్లు ఒక్కొక్కటీ చూసుకోవాలి. ఇక ఫోన్ సంగతి. పాత అకౌంట్‌ను ముందు ఫోన్ సెట్టింగ్స్‌లోంచి తొలగించండి, ఆ తర్వాతే డిలీట్ చేయండి. తొలగించకుండా డిలీట్ చేస్తే, తర్వాతెప్పుడైనా ఫోన్ లాక్ పడి రికవరీ మెనూ నుంచి రీసెట్ చేసినప్పుడు అది పాత అకౌంటే అడుగుతుంది. దొంగతనం జరిగితే ఫోన్ పనికిరాకుండా చేసే ఏర్పాటు అప్పుడు మీకే అడ్డం తిరుగుతుంది.

అవుట్‌లుక్, హాట్‌మెయిల్, లైవ్ అడ్రసులు మూడూ మైక్రోసాఫ్ట్ అకౌంట్లే. గడువును మన చేతికే వదిలే మేలైన పద్ధతి వీళ్ళదే. మూసేటప్పుడు 30 రోజులా, 60 రోజులా అని మిమ్మల్నే అడుగుతుంది. ఆ లోపల ఒకసారి లాగిన్ అయితే అకౌంట్ తిరిగి తెరుచుకుంటుంది. 60 ఎంచుకోండి, తక్కువ పెట్టుకుంటే కలిసొచ్చేదేమీ లేదు. మూసే ముందు ఏమేం పోతాయో జాబితా చూపించి, ఒక్కో దాని పక్కన టిక్కు పెట్టిస్తుంది. చిరాకు పెట్టేలా ఉన్నా ఆ జాబితా నిజంగా చదవాల్సిందే.

అయితే విండోస్ ల్యాప్‌టాప్ వాడేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్కును విండోస్‌లోని బిట్‌లాకర్ అనే ఏర్పాటు తాళం వేసి ఉంచుతుంది, దాని 48 అంకెల రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాగి ఉంటుంది. అకౌంట్ మూశాక మదర్‌బోర్డు మార్చినా, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయినా ల్యాప్‌టాప్ ఆ కీ అడగొచ్చు. అది లేకపోతే డిస్కులో ఉన్నదాన్ని సర్వీస్ సెంటర్‌వాళ్ళు కూడా తీయలేరు. అకౌంట్ పేజీలో 'డివైసెస్' కింద ఆ కీ దొరుకుతుంది. కాగితం మీద రాసిపెట్టుకోండి. ల్యాప్‌టాప్ లాగిన్ కూడా అదే అకౌంట్‌తో ఉంటే, ముందు దాన్ని లోకల్ అకౌంట్‌గా మార్చుకోండి.

మెయిళ్ళు తెచ్చుకోవడంలో అవుట్‌లుక్ రెండో స్థానమే. వెబ్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ డేటా' కింద 'ఎక్స్‌పోర్ట్ మెయిల్‌బాక్స్' ఉంది. ఫైలు సిద్ధం కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, లింకు ఆ పెట్టెకే వస్తుంది కాబట్టి అది అందేదాకా మూయకూడదు. వచ్చేది పీఎస్‌టీ ఫైలు. దాన్ని సులువుగా తెరిచేది కంప్యూటర్లో వేసుకునే పాత తరహా అవుట్‌లుక్, అది డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్. అది లేనివాళ్ళు థండర్‌బర్డ్‌లో అకౌంట్ జోడించి, మెయిళ్ళన్నీ 'లోకల్ ఫోల్డర్స్'లోకి కాపీ చేసుకోవడం మేలు.

యాహూకు చివరి స్థానం. పెట్టెలోని మెయిళ్ళన్నీ ఒక్క బటన్‌తో ఫైలుగా దించుకునే సౌకర్యం లేదు. థండర్‌బర్డ్‌లో ఐమ్యాప్‌తో జోడించాలి, సర్వర్ ఐమ్యాప్ డాట్ మెయిల్ డాట్ యాహూ డాట్ కామ్, పోర్టు 993. అక్కడ మీ మామూలు పాస్‌వర్డ్‌తో పని జరక్కపోతే యాహూ సెక్యూరిటీ పేజీలో 'యాప్ పాస్‌వర్డ్' అని ఒకటి తయారుచేసి అది ఇవ్వాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటుంది. థండర్‌బర్డ్‌లో మెయిళ్ళు కనిపించగానే కంప్యూటర్లోకి వచ్చేశాయనుకుంటారు. ఐమ్యాప్‌లో కనిపించేది సర్వర్‌లో ఉన్నదానికి ప్రతిబింబం. అకౌంట్ పోతే అవీ పోతాయి. ఫోల్డర్లన్నిటినీ 'లోకల్ ఫోల్డర్స్'లోకి కాపీ చేసి, నెట్ ఆపేసి అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుంటేనే పని పూర్తయినట్టు.

గడువులో యాహూ మనవాళ్ళకు కొంత మేలే చేసింది. చాలా దేశాల అకౌంట్లకు 30 రోజులుంటే, ఇండియాలో తెరిచిన వాటిని సుమారు 90 రోజులు ఆపి ఉంచుతుంది. ఆ మధ్యలో లాగిన్ అయితే మళ్ళీ తెరుచుకుంటుంది. అడ్రసుల విషయంలో మాత్రం యాహూ చరిత్ర మంచిది కాదు. ఏడాదిగా వాడని ఐడీలను 2013లో కొత్తవాళ్ళకు పంచిపెట్టింది. దాంతో పాత యజమానులకు రావాల్సిన మెయిళ్ళు కొత్తవాళ్ళకు వెళ్ళాయి. యాహూ అడ్రసు మూసేవాళ్ళు ఒక్క సైటులో కూడా ఆ అడ్రసు మిగలకుండా చూసుకోవాలని మేం గట్టిగా చెప్పేది అందుకే.

మిగలకుండా చూడటం ఎలా? పాత పెట్టెలో వెల్‌కమ్, వెరిఫై, స్టేట్‌మెంట్, పాలసీ, ఫోలియో, ప్రీమియం అనే మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతకండి. వచ్చిన సంస్థల పేర్లు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కచోట అడ్రసు మార్చండి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో 'మై ప్రొఫైల్'లోని 'కాంటాక్ట్ డీటెయిల్స్' దగ్గర మార్చాలి. రిటర్న్ పరిశీలించాక వచ్చే 143(1) ఇంటిమేషన్ అక్కడ ఉన్న మెయిల్‌కే వస్తుంది. మ్యూచువల్ ఫండ్ ఉన్నవాళ్ళు, ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ సంస్థలు రెండు చోట్లా చూసుకోవాలి. ఫోలియోకు, అంటే మీ ఫండ్ ఖాతాకు, ముడిపడిన మెయిల్‌కే స్టేట్‌మెంట్ పంపుతారు. పీఎఫ్, డీమ్యాట్, ఎల్ఐసీ, ఐఆర్‌సీటీసీ, డిజీలాకర్ తర్వాత. అమెరికా, గల్ఫ్ వైపు ఉండి ఇండియా సిమ్ పనిచేయనివాళ్ళకు బ్యాంకు ఓటీపీ మెయిల్‌కే వచ్చే ఏర్పాటు ఉంటే, బ్యాంకులో అడ్రసు మారి, కొత్తదానికి ఓటీపీ అంది, ఒక లావాదేవీ జరిగాకే పాతదాన్ని ముట్టుకోవాలి.

ఇవన్నీ మార్చాక కూడా వెంటనే మూయొద్దు. పాతదాంట్లో ఫార్వర్డింగ్ పెట్టి ఏడాది ఉంచమనే మా సలహా. బీమా ప్రీమియం, రిటర్న్ తాలూకు మెయిళ్ళ వంటివి ఏడాదికోసారే వస్తాయి. జీమెయిల్‌లో ఫార్వర్డింగ్ ఉచితం. యాహూలో డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి, అది వద్దనుకుంటే నెలకోసారి లాగిన్ అయి చూడండి. ఈ ఏడాదీ రెండంచెల భద్రత ఆన్‌లో ఉండాలి.

పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే రికవరీ ఫోన్ నంబరు అన్నిటికంటే ముందే సరిచూడాలి. ఎంసెట్‌కో స్కాలర్‌షిప్‌కో నెట్ సెంటర్లో తెరిపించిన మెయిళ్ళకు సెంటర్ నడిపేవాళ్ళ నంబరే ఉండిపోవడం మామూలు. వదిలేసిన సిమ్ నంబరును 90 రోజుల తర్వాత టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అలాంటి నంబరు మీ అకౌంట్‌కు ఉంటే, మీరు అన్నీ మారుస్తున్న ఆ ఏడాదిలోనే వేరేవాళ్ళు లోపలికి రావచ్చు.

పాస్‌వర్డ్ పోయి, రికవరీ నంబరూ పోయిన అకౌంట్‌ను మీ అంతట మీరు మూయలేరు. అప్పుడు చేయగలిగింది మిగతా సైట్లన్నిటిలోంచి ఆ అడ్రసు తీసేయడమే. రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత గూగుల్ అకౌంట్లను తీసేసే విధానాన్ని గూగుల్ 2023లో తెచ్చింది. చనిపోయినవాళ్ళ అకౌంట్ అయితే, దగ్గరి బంధువులు గూగుల్‌కు ప్రత్యేక ఫారం ద్వారా, యాహూకు మరణ ధ్రువపత్రం జతచేసి మూయమని అడగవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరూ ఇవ్వరు. నాన్నగారి మెయిల్‌లోనే పాలసీలూ ఫోలియోలూ ఉన్న ఇళ్ళలో, ఆయన ఉండగానే గూగుల్ 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్'లో ఒకరిద్దరి పేర్లు చేర్పించండి. 3, 6, 12, 18 నెలల్లో ఎంతకాలం కదలిక లేకపోతే వాళ్ళకు కబురు వెళ్ళాలో, ఏమేం చూడనివ్వాలో ఆయనే ఎంచుకోవచ్చు.