మిరపచేనులో మూడేళ్లు ఈ బాక్టీరియా బిళ్ల పెట్టుకున్నాక

మాది సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఒక ఊరు. నాకు లూపస్ ఉంది, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఎండ తగిలితే బుగ్గలు ఎర్రగా కందిపోయి, తర్వాత వారమంతా కీళ్లు పట్టేస్తాయి. అలాగని చేనుకు వెళ్లకుండా కుదరదు. అందుకే ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంటికి ఎంత తగిలాయో కొలిచే బిళ్ల పెట్టుకుంటాను. జర్మనీలో చదువుకుంటున్న మా పిన్ని కూతురు వచ్చినప్పుడల్లా ఈ బిళ్లలు తెస్తుంది, వాడినవి ల్యాబ్‌లో ఇవ్వడానికి తిరిగి తీసుకెళ్తుంది.

లోపల చిన్న ఫిల్మ్ ఉంటుంది. దాని మీద బాసిల్లస్ సబ్టిలిస్ అనే మట్టి బాక్టీరియా బీజాలు నిద్రలో ఉంటాయి. అతినీలలోహిత కిరణాలు మన చర్మంలో డీఎన్‌ఏను దెబ్బతీసినట్టే వాటి డీఎన్‌ఏనూ దెబ్బతీస్తాయి. ల్యాబ్‌లో ఫిల్మ్‌ను పోషక ద్రావణంలో ఉంచితే బతికున్న బీజాలే మొలకెత్తి ప్రొటీన్ తయారుచేస్తాయి. ఆ ప్రొటీన్‌కు రంగు వేస్తారు. రంగు ఎంత పలచగా ఉంటే ఎండ దెబ్బ అంత ఎక్కువన్నమాట. పైనున్న ఫిల్టర్ వల్ల లెక్క చర్మం కందే తీరుకు దగ్గరగా వస్తుంది. ఫలితం ప్రామాణిక డోసుల్లో ఇస్తారు, ఒక్కో డోసు అంటే చర్మాన్ని కందించే శక్తి చదరపు మీటరుకు 100 జౌల్‌లు.

నా కళ్లు తెరిపించింది జనవరి ఫలితం. చలిగా ఉంది కదా అని ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిరపకాయలు ఏరాను. మే నెలలో మంటలాంటి వేడిలో సాయంత్రం నాలుగు దాటాక వెళ్లిన రోజు కంటే ఆ జనవరి రోజు లెక్కే ఎక్కువ వచ్చింది! ఒంటికి తెలిసేది వేడి, చర్మాన్ని కాల్చేది వేరు. పలచటి మబ్బులోంచి కూడా అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా దిగుతాయట. ఏటి ఒడ్డున గొడుగు వేసుకున్నా, పొడి ఇసుక 15 శాతం దాకా పైకి కొడుతుంది. ఫోన్‌లో చూపించే యూవీ సూచిక, అంటే ఈ కిరణాల తీవ్రత చెప్పే అంకె, నాకు ఎంత తగిలిందో చెప్పదు. అది ఊరందరికీ ఒకటే అంకె, ఇది నా భుజానికి తగిలిన లెక్క.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫలితం వచ్చేసరికి నెలలు పడుతుంది. ఇప్పుడు నీడకు పో అని హెచ్చరించదు. మొదటి ఏడాది పైట చెరగు బిళ్ల మీద పడి రెండు రోజుల కొలత తప్పిపోయింది. ఎంత బాధేసిందో! అప్పటి నుంచి టోపీ మీద కుట్టుకుంటున్నాను. వాడేదాకా చీకట్లో, తడి తగలకుండా దాచాలి.

ఇప్పుడు జనవరిలోనూ పదకొండు నుంచి మూడు వరకు చేనులో ఉండను. బుగ్గలు కందడం బాగా తగ్గింది. నాలుగు బిళ్లలు మిగిలాయి. రెండు మా అత్తకు పెడతాను, ఏప్రిల్‌లో తునికాకు కోతకు వెళ్తుంది.