చెకుముకి తుపాకీతో పదకొండేళ్లు

గ్రీన్‌కార్డ్ వచ్చిన ఏడాది కొన్నాను దీన్ని. .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి రాయి కొట్టి నిప్పు పుట్టించే పాతకాలం రకం. ఇటలీలో తయారైన కెంటకీ రైఫిల్ నమూనా. పేరుకే కెంటకీ. ఈ రకం తుపాకీలు పుట్టింది మేముండే పెన్సిల్వేనియాలోనే, లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ పనివాళ్ల చేతుల్లో. ఈ రాష్ట్రంలో 1974 నుంచీ ఫ్లింట్‌లాక్‌తో జింకల వేటకు ప్రత్యేకంగా ఒక సీజన్ ఉంది. నేను ఎక్కువగా వాడేది మాత్రం షూటింగ్ రేంజ్‌లో, టార్గెట్ మీద.

పోస్ట్‌లో ఇంటికొచ్చింది. అమెరికా ఫెడరల్ చట్టం ఇలాంటి వాటిని పురాతన ఆయుధాల కింద లెక్కేస్తుంది కాబట్టి మామూలు తుపాకీకి ఉండే తతంగం లేదు (రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి, కొనేముందు చూసుకోండి). ఆ పెట్టె విప్పినప్పుడు మా తాతయ్య గుర్తొచ్చాడు. గిద్దలూరు దగ్గర ఊళ్లో, అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్స్ మీద తీసుకున్న తుపాకీ ఉండేది ఆయనకు. గొట్టం మూతిలోంచి మందు కూరేదే. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, రసీదు పంచె మడతలో దోపుకుని వచ్చేవాడు. ఇక్కడ నన్ను అడిగేవాళ్లు లేరు. అందుకే ఆ జాగ్రత్తంతా నేనే పడాలి అనిపించింది.

ఇక వాడకం. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఇదీ బ్లాక్ పౌడర్. దీంట్లో ఇప్పటి తుపాకుల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా కలపకూడదు, గొట్టం పగిలిపోతుంది. నా కొలత 70 గ్రెయిన్లు, దాదాపు నాలుగున్నర గ్రాములు. డబ్బాలోంచి గానీ కొమ్ములోంచి గానీ నేరుగా గొట్టంలోకి వంపను. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలున్నా చేతిలో ఉన్న డబ్బా మొత్తం పేలుతుంది. చిన్న కొలత గొట్టంలో పోసుకుని, అందులోంచే వేస్తాను. తర్వాత నూనె రాసిన గుడ్డముక్క, సీసం గుండు, చివరికి వాటిని అడుగుదాకా దింపే పొడవాటి కడ్డీ, రామ్‌రాడ్. కడ్డీని జానెడు జానెడుగా పట్టుకుని దింపాలి. పైనుంచి ఒక్కసారిగా తోస్తే చెక్క కడ్డీ విరిగి అరచేతిలో దిగుతుంది. ముఖం గొట్టం మూతి మీదికి రాకూడదు.

ఈ తుపాకీతో వచ్చిన సామానంతటిలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ రామ్‌రాడ్ మీద నేను గీసుకున్న రెండు గీతలు. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీ ఎక్కడిదాకా దిగుతుందో ఒకటి, మందూ గుండూ సరిగ్గా కూర్చున్నప్పుడు ఎక్కడ ఆగుతుందో ఇంకొకటి. మూడో ఏడాది ఒక ఆదివారం పొద్దున, లోడ్ చేసిన వెంటనే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి మళ్లీ మొదలుపెట్టాను. రామ్‌రాడ్ దింపితే రెండో గీత గొట్టం మూతికి మూడు వేళ్లు పైన ఆగింది. ఇంకాస్త నొక్కబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒకదాని మీద ఒకటి రెండు లోడ్లు. వీపు చల్లబడిపోయింది. రేంజ్ ఆఫీసర్‌ను పిలిస్తే, గుండ్లు మట్టిగట్టు వైపు పడేలా తుపాకీ పెట్టించి, చిన్న గ్యాస్ సిలిండర్‌తో ఊది రెండింటినీ బయటికి తీశాడు. ఒక్క మాట తిట్టలేదు. ఆ రోజు నుంచి లోడ్ చేసేటప్పుడు ఫోన్ కారులోనే.

మందు మీద ఆనకుండా గుండు మధ్యలో ఆగిపోయినా అంతే ప్రమాదం, గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. గొట్టంలో మసి పేరుకున్నప్పుడే అలా ఇరుక్కుంటుంది కాబట్టి నాలుగైదు సార్లు కాల్చాక తడిగుడ్డతో తుడుస్తాను.

చెకుముకి రాయి కొట్టింది, పాన్‌లో (రాయి కింద ఉండే చిన్న గిన్నెలో) మందు భగ్గుమంది, గొట్టం మాత్రం పేలలేదు. ఇది తరచూ జరుగుతుంది. అప్పుడు తుపాకీ దించకూడదు. టార్గెట్ వైపే పట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడతాను, ఆలస్యంగా పేలిన సందర్భాలు ఉన్నాయి. పక్కన చిన్న రంధ్రంలోంచి నిప్పు చిమ్ముతుంది, కుడివైపు ఎవరినీ నిలబడనివ్వను. కళ్లద్దాలు తప్పనిసరి.

లోపాలు చెప్పాలంటే, ముందు బరువు ఎక్కువ, పదో గుండుకే ఎడమ భుజం లాగుతుంది. వానలో నమ్మకం లేదు. తోడొచ్చిన చెక్క రామ్‌రాడ్ మార్చి ఇత్తడిది పెట్టుకున్నాను, గీతలు మళ్లీ గీసుకున్నాను. ఇక కడగడం. బ్లాక్ పౌడర్ మసి తేమ పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. ఎంత అలసిపోయినా ఆ సాయంత్రమే వేడినీళ్లూ సబ్బుతో కడగాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అందుకే గ్యారేజ్‌లో. ఆరబెట్టి నూనె పట్టించి, మూడో రోజు మళ్లీ ఒక గుడ్డ దూరుస్తాను. పదకొండేళ్లలో గొట్టం లోపల మచ్చ లేదు.

ఇంట్లో పదేళ్ల పాప ఉంది. తుపాకీ తాళం బీరువాలో, చెకుముకి రాయి ఊడదీసి వేరే చోట, మందు ఒకే ఒక పౌండ్ డబ్బా, అది కొన్న డబ్బాలోనే, గ్యారేజ్‌లో చెక్కపెట్టెలో.

ఎవరింట్లోనైనా తాతల నాటి తుపాకీ గోడకు వేలాడుతుంటే దాన్ని ఖాళీ అనుకోకండి. కూరిన మందు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ముందు తెలిసినవాళ్లను పిలిచి, గొట్టంలో కడ్డీ దింపించి, బయట పక్కన పెట్టి కొలిపించండి. కడ్డీ అడుగుదాకా వెళ్లకపోతే లోపల ఏదో ఉన్నట్టే.