జలుబూ జ్వరానికి ముందు ఎవరి దగ్గరకు: మెడికల్ షాపా, ఆర్‌ఎంపీనా, డాక్టరా?

వానలు పడ్డాయంటే ఇంట్లో ఇవాళ ఒకరికి ముక్కు కారుతుంది, రేపు ఇద్దరికి. డాక్టరు ఫీజు, టెస్టుల ఖర్చు గుర్తొచ్చి ఎక్కువమంది వీధి చివరి మెడికల్ షాపుకే వెళ్తారు. పల్లెల్లో అయితే ఆర్‌ఎంపీ దగ్గరకు. నన్నడిగితే, మామూలు జలుబు దగ్గుకు మొదటి మూడు రోజులూ షాపే మేలు. కాకపోతే కౌంటర్ వెనక నిజంగా ఫార్మసిస్టే ఉండాలి.

ముందు ఆర్‌ఎంపీ సంగతి తేల్చేద్దాం. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, డబ్బులు తర్వాతిచ్చినా ఏమనడు. ఆ మంచితనం కాదనను. కానీ "సూదేస్తేనే తగ్గుద్ది" అన్న జనం నమ్మకం మీదే ఆయన వైద్యం నడుస్తోంది. మామూలు జలుబుకు సూదితో పనే లేదు. ఒక్క పూటలో ఒళ్లునొప్పులు ఎగిరిపోయాయంటే అందులో నొప్పి మందో స్టెరాయిడో ఉండొచ్చు. స్టెరాయిడ్ అయితే షుగరున్నవాళ్లకు చక్కెర పెరిగిపోతుంది.

షాపుల్లో రెండు రకాలు. "అన్నా, జలుబుకు గోలీలియ్యి" అనగానే నాలుగు స్ట్రిప్పుల్లోంచి తలా మూడు కత్తిరించి కాగితం కవర్లో వేసిచ్చేది ఒకటి. కత్తెర పడ్డాక చేతికొచ్చిన ముక్క మీద చాలాసార్లు మందు పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. అందులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఉందా, వద్దని వెనక్కిచ్చేయండి. అది జలుబు తెచ్చే వైరస్ మీద పనిచేయదు, పైగా డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. సెఫిక్సిమ్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే ఇంకా గట్టి నిబంధన: 2014 మార్చి నుంచి డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మీ పేరెప్పుడైనా అడిగారా?

రెండో రకం షాపులో మందు కన్నా ముందు ప్రశ్నలొస్తాయి. ఎవరికి? వయసెంత? బీపీ ఉందా? ఇప్పటికే ఏమైనా వేసుకున్నారా? విసుక్కోకండి. చాలా జలుబు బిళ్లల్లో ఉండే ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు. అదే ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ కలిసిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపువాళ్లకు దగ్గు, జలుబు మందులే ఇవ్వొద్దని కేంద్రం మళ్లీ హెచ్చరించింది.

ఇక నాలుగో ప్రశ్న. డోలో 650 రోజుకు నాలుగు వేస్తే 2.6 గ్రాముల పారాసిటమాల్. జలుబు బిళ్లలో తరచూ ఇంకో 500 మిల్లీగ్రాములుంటుంది, మూడు పూటలా అంటే 1.5 గ్రాములు. మొత్తం 4.1. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠం 4 గ్రాములు, మద్యం తాగే అలవాటుంటే అంతకన్నా తక్కువే. రెండూ వేరే మందులనుకుని మింగేవాళ్లను ఆపగలిగేది ఆ కౌంటర్లోని మనిషే. కరోనా వచ్చిన కొత్తలో, 2020 ఏప్రిల్‌లో, జ్వరం, దగ్గు మందులు కొనేవాళ్ల వివరాలు రాసుకోమని మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ షాపులకు చెప్పాయి. ఊళ్లో జ్వరాలు ముసురుకుంటే ముందు తెలిసేది అక్కడే కదా. అన్నట్టు, గోడ మీది సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో మనిషి ఇంకొకరు అయితే ఈ లెక్కలేవీ పనిచేయవు.

మరి డాక్టరు దగ్గరకు ఎప్పుడు? ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా ఇక షాపు వద్దు. గర్భిణులు, 65 దాటినవాళ్లు, ఆస్తమా, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఫ్లూ అనుమానం వస్తే మూడు రోజులు ఆగనే కూడదు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, దానికి చీటీ కావాలి. ముక్కు కారకుండా, దగ్గు లేకుండా ఒట్టి జ్వరమే ఉంటే డెంగీ కావచ్చు. రక్తపరీక్ష అయ్యేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్ల ముట్టొద్దు. ఖర్చుకు భయపడితే బస్తీ దవాఖానా, పీహెచ్‌సీ ఉన్నాయి.

టీకా దగ్గర మాత్రం మన షాపు వెనకబడింది. అమెరికాలో పిల్లల దగ్గరకెళ్లిన అమ్మానాన్నలు ఫార్మసీ కౌంటర్ దగ్గరే ఫ్లూ టీకా వేయించుకోవచ్చు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి గొంతునొప్పి, సైనసైటిస్ లాంటి ఏడు సమస్యలకు ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇస్తున్నాడు. మన దగ్గర షాపులో టీకా కొనుక్కోవచ్చు, వేయించుకోవడానికి క్లినిక్‌కు పోవాల్సిందే. దారిలో అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కాబట్టి ఐస్‌ప్యాక్ పెట్టివ్వమనండి, టీకా మాత్రం ఐస్‌కు ఆనకూడదు. క్లినిక్ ఫ్రిజ్‌లో ఉన్నదే వేయించుకుంటే ఈ తిప్పలే లేవు.